స్విట్జర్లాండా, ఆస్ట్రియానా? ఆల్ప్స్ విహారంపై తెగని తగువు

ఆల్ప్స్ పర్వతాలు ఫ్రాన్స్ నుంచి స్లొవేనియా దాకా ఎనిమిది దేశాల్లో పరుచుకుని ఉన్నాయి. మన దేశం నుంచి వాటిని చూడబోయేవాళ్ల చర్చ మాత్రం చివరికి రెండు దేశాల దగ్గరే ఆగుతుంది. గ్రీసుకు వెళ్లాలా, నార్వేకు వెళ్లాలా అన్నది తేల్చుకోవడం తేలిక. ఎండ కావాలో చలి కావాలో తెలిస్తే చాలు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఆ వెసులుబాటు లేదు. రెండూ సముద్రం లేని దేశాలే. రెండింటి జనాభా దాదాపు సమానం, చెరి 90 లక్షల పైచిలుకు. స్విట్జర్లాండ్ వైశాల్యం సుమారు 41 వేల చదరపు కిలోమీటర్లు, ఆస్ట్రియాది 84 వేలు. రెండూ తెలంగాణ కంటే చిన్నవే. ఒకచోట జర్మన్ ప్రధాన భాష, మరోచోట నాలుగు జాతీయ భాషల్లో జర్మన్‌దే పెద్ద వాటా. మంచు కొండలు, పచ్చిక బయళ్లు, సరస్సులు, వేళకు నడిచే రైళ్లు రెండుచోట్లా ఉన్నాయి.

చర్చ చిక్కుబడటానికి ఇంకో కారణం ఉంది. ఏది ఎక్కువ అందమైనది, ఎక్కడ ఖర్చు తక్కువ, ఏది మన ప్రయాణానికి సరిపోతుంది అన్న మూడు ప్రశ్నలను కలిపేసి ఒకే ప్రశ్నగా అడుగుతున్నారు. మొదటిది అభిరుచి సంగతి. రెండోది లెక్కల సంగతి, కానీ ఆ లెక్క చాలాసార్లు తప్పుగా వేస్తున్నారు. మూడోదాన్ని అడిగేవాళ్లే తక్కువ. వాదాలను విడదీసి చూస్తే తగువులో సగం అక్కడే తీరిపోతుంది. మిగిలిన సగం నిజంగానే తీరనిది.

కొండను అమ్మడం నేర్చుకున్న దేశం

పద్దెనిమిదో శతాబ్దం దాకా ఐరోపా వాళ్లకు ఆల్ప్స్ అంటే దారికి అడ్డం. అక్కడ అందం ఉందని చెప్పినవాళ్లు కవులు, రచయితలు. బెర్న్‌కు చెందిన వైద్యుడు, శాస్త్రవేత్త ఆల్బ్రెఖ్ట్ ఫాన్ హాలర్ 1729లో ఆల్ప్స్ మీద ఒక దీర్ఘకావ్యం రాశాడు. 1761లో రూసో నవల 'జూలీ' జెనీవా సరస్సు తీరాన్ని ఐరోపా పాఠకులందరికీ పరిచయం చేసింది. ఆ తర్వాత రంగంలోకి దిగినవాళ్లు ఇంగ్లీషువాళ్లు. లండన్‌లో 1857లో ఆల్పైన్ క్లబ్ పుట్టింది. 1863లో థామస్ కుక్ తన మొదటి బృందాన్ని స్విట్జర్లాండ్ తీసుకెళ్లాడు. ఈనాడు మన దగ్గర అమ్ముడుపోతున్న గుంపు యాత్రలకు అదే మూలం. 1865లో ఎడ్వర్డ్ వింపర్ బృందం 4,478 మీటర్ల మాటర్‌హార్న్‌ను మొదటిసారి ఎక్కింది. దిగేటప్పుడు నలుగురు పడి చనిపోయారు. ఆ దుర్ఘటన ఐరోపా అంతటా సంచలనమైంది. దాని నీడన ఉన్న జెర్మాట్ పల్లె పేరు కూడా అలాగే పాకింది.

స్విస్ వాళ్ల అసలు తెలివి ఆ తర్వాత బయటపడింది. కొండ ఎక్కలేనివాళ్లకు కొండను ఎలా చూపించాలన్నది వాళ్లకు ఇంజినీరింగ్ సమస్యగా కనిపించింది. పట్టాల మధ్య పళ్ల కమ్మీ వేసి, దాన్ని పట్టుకుని పైకి పాకే రైలును 1871లో రీగి కొండ మీద నడిపారు. 1889లో పిలాటుస్ మీద అంతకంటే నిటారుగా, నూటికి 48 వాలుతో, మరో రైలు వేశారు. 1898లో గోర్నర్‌గ్రాట్ రైలు వచ్చింది. 1912 నాటికి ఐగర్, మోంఖ్ శిఖరాల కడుపులోంచి సొరంగం తొలిచి 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ దాకా రైలును చేర్చారు. ఊటీ రైలు ఎక్కినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. నీలగిరుల్లో వాడింది స్విస్ ఇంజినీరు రోమన్ ఆప్ట్ రూపొందించిన పళ్ల పట్టానే. అక్కడి పాత ఆవిరి ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో తయారైనవే.

ఈ యంత్రాల మోజును ఆ రోజుల్లోనే అందరూ ఒప్పుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాటర్‌హార్న్ శిఖరం మీదికి కూడా రైలు వేస్తామన్నప్పుడు వేలమంది సంతకాలు చేసి అడ్డుకున్నారు. కొండను అందరికీ అందుబాటులోకి తేవడం మంచిదా, కొండను కొండలా వదిలేయడం మంచిదా అన్న వాదం ఆనాటిదే. ఇప్పటికీ అది నడుస్తోంది.

రాజధాని వెలుగులో పెరిగిన ఆస్ట్రియా

ఆస్ట్రియా దారి వేరు. అది సామ్రాజ్య కేంద్రం. వియన్నా సంపన్నులకు కొండలు సాహసం చేసే చోటు కాదు, వేసవి విడిది. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఏటా వేసవిలో బాడ్ ఇష్ల్‌కు వెళ్లేవాడు. అధికారులు, సంగీతకారులు, రచయితలు ఆయన వెంట నడిచారు. 1854లో మొదలైన సెమ్మెరింగ్ రైలుమార్గం వియన్నాను దక్షిణపు కొండలతో కలిపింది. ఐరోపా ప్రధాన భూభాగంలో మొదటి పర్వతారోహణ సంఘం 1862లో పుట్టిందీ వియన్నాలోనే. ఆ సంఘం, దాని జర్మన్ భాగస్వామి కలిసి తూర్పు ఆల్ప్స్ నిండా కాలిబాటలు, రాత్రి బస చేసే కొండ కుటీరాలు కట్టించాయి. పక్క దేశం రైళ్లు వేస్తుంటే వీళ్లు ఎక్కువగా నడక దారులు వేశారు. ఇవాళ్టి తేడాకు వేరు అక్కడుంది.

1918లో సామ్రాజ్యం కూలి ఆస్ట్రియా చిన్న దేశమైపోయాక పర్యాటకం బతుకుతెరువైంది. 1920 ఆగస్టులో సాల్జ్‌బర్గ్ కెథడ్రల్ ముందు మాక్స్ రైన్‌హార్ట్ ఒక నాటకం ఆడించడంతో సాల్జ్‌బర్గ్ సంగీత నాటకోత్సవం మొదలైంది. 1933లో హిట్లర్ ప్రభుత్వం ఆస్ట్రియా వెళ్లే ప్రతి జర్మన్ పౌరుడూ వెయ్యి మార్కులు కట్టాలని శాసించింది. మూడేళ్ల పాటు అక్కడి హోటళ్లు విలవిల్లాడాయి. పర్యాటకాన్ని ఆయుధంగా వాడి పొరుగు దేశం గొంతు నొక్కడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ గడ్డు రోజుల్లోనే, 1935లో, గ్రోస్‌గ్లాక్నర్ పర్వత రహదారి తెరుచుకుంది. 48 కిలోమీటర్ల పొడవు, 36 మెలికలు. స్విట్జర్లాండ్ రైలు మీద పెట్టిన ఆశను ఆస్ట్రియా కారు మీద పెట్టింది. యుద్ధం తర్వాత అమెరికా సాయం సొమ్ములో కొంత హోటళ్లకూ కేబుల్ కార్లకూ వెళ్లింది. జర్మన్ అతిథులు తిరిగొచ్చారు. 1965లో 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా వచ్చింది. సాల్జ్‌బర్గ్‌కు ప్రపంచమంతటి నుంచీ జనం కదిలారు.

మన కళ్లకు కనిపించింది

భారతీయ ప్రేక్షకుల మనసులో ఈ పోటీ సమానంగా మొదలవలేదు. రాజ్ కపూర్ 'సంగమ్' 1964లోనే స్విట్జర్లాండ్‌ను తెర మీద చూపింది. 1980ల నుంచి యశ్ చోప్రా ఆ కొండల్ని తన సొంత సెట్ చేసుకున్నాడు. కశ్మీరులో షూటింగులు కష్టమయ్యాక హిందీ పాటలతో పాటు తెలుగు పాటలూ అక్కడికి తరలాయి. 1995 నాటి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' జానెన్, గ్‌స్టాడ్ ప్రాంతాలను యాత్రాస్థలాలు చేసింది. ఇంటర్‌లాకెన్ పట్టణం 2016లో యశ్ చోప్రాకు విగ్రహం పెట్టింది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మీద భారతీయ భోజనశాల ఉంది.

ఆస్ట్రియా ఆలస్యంగా మేలుకుంది. 'ఏక్ థా టైగర్' తర్వాతి భాగం 'టైగర్ జిందా హై' మంచు దృశ్యాలు, 2019 నాటి 'సాహో'లోని పాట టిరోల్ కొండల్లో తీసినవే. కానీ ముప్పై ఏళ్ల వెనకబాటు రెండు సినిమాలతో పూడదు. ఒక సంగతి మాత్రం గమనించాలి. ఆ పాటల్లో చాలావాటికి కథతో గాని, ఊరితో గాని పనిలేదు. నాయకుడు కళ్లు మూసుకుంటే పచ్చిక, కళ్లు తెరిస్తే హైదరాబాదు. ఆ పచ్చిక ఏ లోయదో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పలేదు. అందుకే మన ఊహలో ఉన్న 'స్విట్జర్లాండ్' చాలాభాగం టిరోల్‌లోనూ దొరుకుతుంది. ఆస్ట్రియా పక్షం వాళ్లు ఎంతో ఇష్టంగా వాడే వాదం ఇది.

వాదించే పక్షాలు

మొదటిది శిఖర పక్షం. నాలుగు వేల మీటర్లు దాటిన కొండలు స్విట్జర్లాండ్‌లో డజన్ల కొద్దీ ఉన్నాయి, ఆస్ట్రియాలో ఒక్కటీ లేదు. అక్కడ అన్నిటికంటే ఎత్తయిన గ్రోస్‌గ్లాక్నర్ 3,798 మీటర్లే. మాటర్‌హార్న్ ఒంటరి రూపానికీ, ఐగర్ ఉత్తరపు గోడకీ, ఆల్ప్స్‌లో అన్నిటికంటే పొడవైన అలెచ్ హిమానీనదానికీ సాటి లేదని వీరి మాట. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఎత్తు వేరు, కింద నిలబడి చూసేవాడి కంటికి కనబడే ఎత్తు వేరు. లోయ నేల తక్కువ ఎత్తులో ఉంటే మూడు వేల మీటర్ల కొండ కూడా మీద పడేలా నిలబడుతుంది. ఇన్స్‌బ్రుక్ వీధుల్లోంచి ఉత్తరానికి చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రెండోది పొదుపు పక్షం. వీరి సంగతి విడిగా చూడాలి.

మూడోది నగర పక్షం. కొండలు రెండుచోట్లా ఉన్నాయి, వియన్నా ఒక్కచోటే ఉంది అంటారు వీళ్లు. హాబ్స్‌బర్గ్ వంశం శతాబ్దాల పాటు పోగుచేసిన చిత్రాలు, నగలు, పుస్తకాలు, ఆయుధాలు ఆ ఒక్క నగరంలో ఉన్నాయి. ప్రపంచంలో బ్రూగెల్ చిత్రాలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న గది అక్కడి కళాచరిత్ర మ్యూజియంలో ఉంది. క్లిమ్ట్ గీసిన 'ముద్దు' బెల్వెడేర్ భవనంలో ఉంది. ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు ఒక పూట భోజనం ఖర్చుకు దొరుకుతాయి. దీనికి స్విస్ అభిమానుల జవాబు బలహీనమైనదేమీ కాదు. బాసెల్ నగరం 1661లోనే ఒక కళాసేకరణను ప్రజల కోసం కొన్నది, బెర్న్‌లో పాల్ క్లే చిత్రాల కోసం ప్రత్యేక కేంద్రం ఉంది, జ్యూరిక్ చిత్రశాల పెద్దది. కానీ స్విట్జర్లాండ్ వెళ్లే మన యాత్రికుడు బాసెల్‌లో దిగడు. అది అతని జాబితాలోనే ఉండదు.

నాలుగోది నడక పక్షం. వీళ్లకు రైలూ అక్కర్లేదు, మ్యూజియమూ అక్కర్లేదు. కుటీరం నుంచి కుటీరానికి నాలుగు రోజులు నడవాలి. గుర్తుల దారులు స్విట్జర్లాండ్‌లో 65 వేల కిలోమీటర్ల మేర ఉన్నాయి, నిర్వహణలో వాటికి సాటి లేదు. ఆస్ట్రియా కుటీరాల్లో బస, భోజనం చవక. మన యాత్రికుల్లో ఈ పక్షం చిన్నది. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువత వల్ల ఇప్పుడిప్పుడే పెరుగుతోంది.

డబ్బు లెక్క: ఎక్కడ పొరబడతాం

స్విట్జర్లాండ్ ఖరీదైనదన్న మాట నిజం. ధరల పట్టికల్లో అది ఐరోపాలో ఎప్పుడూ పై వరసలోనే ఉంటుంది. ఐరోపా సంఘం సగటును 100 అనుకుంటే స్విస్ ధరలు 150 దాటిపోతాయి. ఆస్ట్రియావి సగటు కంటే కొంచెమే ఎక్కువ. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోతో ఫ్రాంకుకు వేసిన కట్టును హఠాత్తుగా తెంచేసింది. ఆ రోజే ఫ్రాంకు విలువ ఎగిసింది, ఐరోపా అతిథులకు ఆ దేశం మరింత దూరమైంది. అప్పటి నుంచి అక్కడి హోటళ్లు ఆసియా అతిథుల మీద ఇంకా ఎక్కువగా చూపు నిలిపాయి.

కానీ ఖర్చును హోటల్ గది అద్దెతో, భోజనం ధరతో కొలిచి ఊరుకోవడమే మనవాళ్లు చేసే పొరపాటు. విహారయాత్రలో పెద్ద పద్దు కదలికది. ఇంటర్‌లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ వెళ్లి రావడానికి పూర్తి టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది. నలుగురి కుటుంబానికి ఆ ఒక్క రోజు ఖర్చుతో ఆస్ట్రియాలో మూడు రోజులు గడపవచ్చు. అయితే స్విస్ ట్రావెల్ పాస్ కొన్నవాళ్లకు రైళ్లు, బస్సులు, సరస్సు పడవలు, సుమారు 500 మ్యూజియంలు అందులోనే వచ్చేస్తాయి. తల్లిదండ్రులతో వెళ్లే పదహారేళ్ల లోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డుతో ఉచితం. రోజూ ఊరు మారేవాళ్లకు ఇది లాభం, ఒకే ఊళ్లో ఉండేవాళ్లకు సగం ధర కార్డు చాలు. పాస్ ఉంది కదా అని కొండ రైళ్లన్నీ ఉచితమనుకోవడం మరో పొరపాటు. రీగి దానిలో వస్తుంది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు రాయితీ మాత్రమే.

ఆస్ట్రియాలో ఇలా దేశమంతటికీ చెల్లే పర్యాటక పాస్ లేదు. 2021లో మొదలైన క్లిమాటికెట్ ఏడాదికి కొనాల్సినది, అక్కడ నివసించేవాళ్లకే గిట్టుబాటు. బదులుగా లోయలవారీ అతిథి కార్డులున్నాయి. కొన్నిచోట్ల గది అద్దెతో పాటే కేబుల్ కార్లూ స్థానిక బస్సులూ వచ్చేస్తాయి. దక్షిణపు స్విట్జర్లాండ్‌లో టిచీనో రాష్ట్రం కూడా ఇదే పద్ధతి పాటిస్తోంది. అతిథి కార్డు ఉన్న హోటలూ లేని హోటలూ పక్కపక్కనే ఉండవచ్చు, కాబట్టి గది అద్దె తక్కువని రెండోదాన్ని ఎంచుకుంటే నష్టపోతాం. కారు తీసుకునేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. స్విస్ రహదారి చీటీ 40 ఫ్రాంకులకు ఏడాదంతా చెల్లుతుంది, తక్కువ రోజులది దొరకదు. ఆస్ట్రియాలో పది రోజులది దొరుకుతుంది, కానీ ఆర్ల్‌బెర్గ్ సొరంగానికీ గ్రోస్‌గ్లాక్నర్ దారికీ వేరే సుంకం. స్విస్ కనుమ దారుల్లో చాలావరకు సుంకమే లేదు.

మొత్తం మీద ఆస్ట్రియా చవకే. ఎంత చవక అన్నది దినచర్యను బట్టి మారుతుంది. రోజూ కొండెక్కాలనుకునేవాళ్లకు తేడా చాలా పెద్దది. సరస్సు ఒడ్డున నడుస్తూ, సూపర్‌మార్కెట్లో కొన్న రొట్టె తింటూ గడిపేవాళ్లకు అంత కాదు.

ఇక్కడే జనాదరణ గణాంకాల గురించీ ఒక మాట. ఆస్ట్రియాలో 2024లో అతిథులు 15 కోట్ల పైచిలుకు రాత్రులు బస చేశారని, స్విట్జర్లాండ్‌లో 4.28 కోట్లేనని చెప్పి ఆస్ట్రియా మూడున్నర రెట్లు మేలని వాదించేవాళ్లున్నారు. మొదటి లెక్కలో హోటళ్లు, అద్దె ఇళ్లు, పల్లె గదులు, గుడారాల మైదానాలు అన్నీ ఉన్నాయి. రెండోది హోటళ్ల లెక్క మాత్రమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు.

ఎవరి కాళ్లు, ఏ నెల, ఎలాంటి వాన

ఈ చర్చలో తగినంత చోటు దక్కని భాగం ఇదే. నిర్ణయం నిజానికి తేలేది కూడా ఇక్కడే.

వృద్ధులైన తల్లిదండ్రులతో వెళ్లే కుటుంబాలు మనలో ఎక్కువ. నడవలేనివాళ్లను మంచు శిఖరాల మధ్యకు తీసుకెళ్లడంలో స్విట్జర్లాండ్‌ను మించింది లేదు. పెట్టిన ఖర్చుకు న్యాయం జరిగేది ఇక్కడే. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు హిమానీనదం చూపించాలనుకునేవాళ్లు ధర గురించి తర్జనభర్జన పడటంలో అర్థం లేదు. అయితే 3,454 మీటర్ల దగ్గర గాలి పలచన. 2020 డిసెంబరులో ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారు మొదలయ్యాక అక్కడికి చేరే సమయం తగ్గింది, అంటే శరీరం అలవాటుపడే వ్యవధి కూడా తగ్గింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు వైద్యుణ్ని అడిగి వెళ్లాలి. రీగి లాంటి తక్కువ ఎత్తులు వారికి మేలు. ఆస్ట్రియాలో యంత్రాలు లేవనీ అనుకోవద్దు. కిట్స్‌స్టైన్‌హార్న్ కేబుల్ కారు 3,029 మీటర్ల దాకా, హింటర్‌టుక్స్ లిఫ్టులు 3,250 దాకా తీసుకెళ్తాయి.

నెల సంగతి ఇంకా ముఖ్యం. మన పిల్లలకు బడి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారాల దాకా. ఆల్ప్స్‌కు అది సంధికాలం. స్కీయింగ్ ముగిసి ఉంటుంది, వేసవి మొదలై ఉండదు. మరమ్మతుల కోసం చాలా కేబుల్ కార్లు ఆపేస్తారు. రెండు వేల మీటర్ల పైన దారుల మీద మంచు కరగదు. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమలు సాధారణంగా జూన్‌లోనే తెరుచుకుంటాయి. గ్రోస్‌గ్లాక్నర్ దారి మే మొదట్లో తెరుచుకున్నా వాతావరణాన్ని బట్టి మూసేస్తుంటారు. ఈ ఒక్క విషయం తెలియక ఆస్ట్రియా లోయల్లో మే నెలలో గదులు తీసుకుని, మూసిన తలుపులు చూసి వచ్చేవాళ్లుంటారు. మేలో కొండలే కావాలంటే స్విట్జర్లాండ్ నయం. యుంగ్‌ఫ్రావ్, గోర్నర్‌గ్రాట్ రైళ్లు ఏడాదంతా నడుస్తాయి, లౌటర్‌బ్రున్నెన్ లోయ జలపాతాలు కరిగిన మంచు నీళ్లతో అప్పుడే నిండుగా ఉంటాయి. మేలో నగరం కావాలంటే వియన్నా. ఒపెరా జులై, ఆగస్టుల్లో మూసే ఉంటుంది, మేలో ఆడుతుంది. దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకు రెండుచోట్లా బాగుంటుంది. ఎంగాడిన్ లోయలో లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరిగేదీ, వియన్నా చుట్టుపక్కల తోటల్లో కొత్త ద్రాక్ష సారా అమ్మేదీ అప్పుడే.

వాన మూడో పరీక్ష. ఆల్ప్స్‌లో వేసవి అంటేనే వానలు. మబ్బు కమ్మితే 200 ఫ్రాంకుల టికెట్‌తో పైకి వెళ్లినా కనిపించేది తెల్లటి గోడే. శిఖరం దగ్గరి కెమెరా దృశ్యాలు చూసి ఉదయమే టికెట్ కొనడం స్విస్ వాళ్ల అలవాటు. ముందుగానే తేదీలు కట్టేసుకునే గుంపు యాత్రల్లో ఆ వీలుండదు. సాల్జ్‌బర్గ్ సన్నటి వానకు పెట్టింది పేరు. అయినా కోట, మోత్సార్ట్ పుట్టిన ఇల్లు, కాఫీశాలలు తడవకుండా రోజు గడిపిస్తాయి. నాలుగే రోజులున్నవాళ్లు వాన నష్టాన్ని భరించలేరు. పది రోజులున్నవాళ్లు భరించగలరు. అందుకని తక్కువ రోజుల ప్రయాణానికి, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా, ఆస్ట్రియానే తక్కువ జూదం. ఈ అభిప్రాయాన్ని శిఖర పక్షం ఒప్పుకోదు. మబ్బు విడిచిన ఒక్క గంట చాలునంటారు. అది వాదన కాదు, భక్తి.

భోజనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శాకాహారులకు రెండుచోట్లా బంగాళాదుంప, జున్ను, పిండివంటలే గతి. స్విస్ ఫాండ్యూలో ద్రాక్ష సారా కలుస్తుందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు. జ్యూరిక్‌లోని హిల్ట్‌ల్ 1898 నుంచి శాకాహారమే వడ్డిస్తోంది, మన వంటకాలూ అక్కడ దొరుకుతాయి. ఆస్ట్రియాలో తీపి ముక్కల అట్టు లాంటి కైజర్‌ష్‌మార్న్‌ను భోజనంగానే తింటారు. ఆదివారం దుకాణాలు రెండు దేశాల్లోనూ మూసే ఉంటాయి.

రెండూ చూస్తే పోలేదా?

సర్దుబాటు పక్షం ఒకటి ఉంది, నానాటికీ బలపడుతోంది. స్విట్జర్లాండ్ ఐరోపా సంఘంలో లేకపోయినా 2008 డిసెంబరు నుంచి షెంజెన్ ఒప్పందంలో ఉంది. ఒకే వీసా రెండింటికీ చెల్లుతుంది. దరఖాస్తు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి చేయాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. జ్యూరిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు ఆర్ల్‌బెర్గ్ మీదుగా రైల్లో మూడున్నర గంటలు. జ్యూరిక్‌లో దిగి వియన్నాలో విమానమెక్కే ప్రయాణానికి వెనక్కి తిరగాల్సిన పనే లేదు.

కాగితం మీద ఇది చక్కటి పరిష్కారం. ఆచరణలో పది రోజుల్లో ఆరు ఊళ్లు, ఆరు హోటళ్లు, పెట్టెలు సర్దడం, విప్పడం. జ్యూరిక్ నుంచి వియన్నాకు నేరుగా వెళ్తేనే ఎనిమిది గంటలకు దగ్గర. పన్నెండు రోజులకు తగ్గితే ఈ కలయిక వద్దనే చెప్పాలి. అన్ని రోజులు ఉన్నవాళ్లకు ఒక స్విస్ లోయ, ఇన్స్‌బ్రుక్ లేదా సాల్జ్‌బర్గ్, ఆపై వియన్నా చాలు. మూడు మజిలీలు దాటకపోతే మేలు.

ఇంకా తేలనివి

పెద్ద ప్రశ్న మంచుది. 2022, 2023 సంవత్సరాల్లోనే స్విస్ హిమానీనదాలు తమ ఘనపరిమాణంలో పదో వంతు కోల్పోయాయి. ఆస్ట్రియాలో అతిపెద్దదైన పాస్టెర్జె, దాన్ని చూడటానికి కట్టిన వేదిక నుంచి ఏటేటా దూరం జరుగుతోంది. 2025 మే 28న స్విట్జర్లాండ్‌లోని వాలే రాష్ట్రంలో బిర్ఖ్ హిమానీనదం విరిగిపడి బ్లాటెన్ గ్రామాన్ని దాదాపు పూర్తిగా కప్పేసింది. ప్రజలను ముందే తరలించడంతో ప్రాణనష్టం చాలావరకు తప్పింది. ఎత్తు మీద ఆధారపడ్డ స్విట్జర్లాండ్‌కు మంచు ఇంకొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుందని ఒక వాదం. మంచు లేకపోయినా అమ్ముకోవడానికి ఆస్ట్రియాకు వేరే సరుకుందని ఇంకో వాదం. దేనికీ ఇంకా గట్టి రుజువు లేదు.

యంత్రాల తగువూ తీరలేదు. ఆస్ట్రియాలో పిట్స్‌టాల్, ఓట్స్‌టాల్ హిమానీనదాల స్కీ ప్రాంతాలను కలపాలన్న పథకాన్ని 2022లో సాంక్ట్ లియోన్‌హార్డ్ గ్రామస్తులు ఓటింగులో స్వల్ప తేడాతో తిరస్కరించారు.

జనసమ్మర్దం మూడోది. 750 మంది కూడా లేని హాల్‌స్టాట్‌కు రద్దీ రోజుల్లో పదివేల మంది వస్తారు. చైనా 2012లో ఆ ఊరి నకలునే కట్టుకుంది. టూరిస్టు బస్సులకు ముందస్తు బుకింగు పెట్టారు. 2023లో సెల్ఫీలు తీసుకునేచోట అడ్డంగా చెక్క కంచె కట్టి, గొడవ కావడంతో తీసేశారు. స్విస్ పల్లె ఇజెల్ట్‌వాల్డ్ ఒక కొరియా ధారావాహికతో పేరొందిన రేవు మీద అడుగుపెట్టడానికి ఐదు ఫ్రాంకులు వసూలు చేస్తోంది. లౌటర్‌బ్రున్నెన్‌లో కారులో వచ్చిపోయేవాళ్ల మీద రుసుము వేయాలన్న ఆలోచన నలిగింది. హోటల్లో బస చేసేవాళ్లకూ, రైలు బస్సుల్లో వచ్చేవాళ్లకూ అందులో మినహాయింపు ఉంటుందన్నారు. ఈ పద్ధతి రెండు దేశాల్లోనూ పాకితే దెబ్బ తగిలేది ఉదయం బస్సు దిగి మధ్యాహ్నానికి వెళ్లిపోయే యాత్రలకు. హైదరాబాదులో, విజయవాడలో అమ్ముడుపోయే 'పది రోజుల్లో ఏడు దేశాలు' ప్యాకేజీల్లో ఈ పల్లెలు ఇప్పటికి రెండేసి గంటల మజిలీలే.